యూరోపియన్ సిలబస్ ఇంటర్నేషనల్ స్కూల్: ఇద్దరు పిల్లల తల్లిగా నా రివ్యూ

ఉద్యోగరీత్యా యూరప్ వచ్చే తెలుగువాళ్లు స్కూల్ గురించి అడిగినప్పుడల్లా నేను ముందు ఒకే మాట చెప్తాను. ఏ సబ్జెక్టు ఏ తరగతి నుంచి ఏ భాషలో చెప్తారో కనుక్కోండి. బ్రోషర్‌లో ఎన్ని భాషల పేర్లున్నా, పిల్లల రోజు ఎలా గడుస్తుందో తేల్చేది అదే.

మా పిల్లలిద్దరూ యూరోపియన్ స్కూళ్ల సిలబస్ నడిపే ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఉన్నారు. ఈ పద్ధతి 1953లో లక్సెంబర్గ్‌లో మొదలైంది. నేటి యూరోపియన్ యూనియన్‌కి పునాది అయిన యూరప్ బొగ్గు, ఉక్కు సంఘంలో పనిచేయడానికి వచ్చిన ఉద్యోగులు, తమ పిల్లలు సొంత భాషలో చదువుతూనే మిగతా దేశాల పిల్లలతో కలిసి పెరగాలని పట్టుబట్టి పెట్టించుకున్న బడి అది. ప్రైమరీ ఐదేళ్లు, సెకండరీ ఏడేళ్లు. ఒకటో తరగతి నుంచే రెండో భాష, సెకండరీలో చేరగానే మూడోది. సెకండరీ మూడో ఏడు నుంచి సోషల్ పాఠాలు రెండో భాషలోనే జరుగుతాయి.

ఈ మూడో ఏడంటేనే మాకు టెన్షన్. మా అమ్మాయిది ఇంగ్లిష్ సెక్షన్, అంటే ఎక్కువ పాఠాలు ఇంగ్లిష్‌లో జరిగే విభాగం. రెండో భాష ఫ్రెంచ్. ఫ్రెంచ్‌లో కబుర్లు చెప్పడం వేరు, కారణాలు వివరిస్తూ పేజీ రాయడం వేరు కదా. భాష మీద పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ కూడా ఇదే అన్నారు: మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది, చదువుకు కావాల్సిన భాష పట్టుబడాలంటే ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది.

కానీ మూడో ఏడు సోషల్ టీచర్ పాఠం చెప్పిన తీరు చూశాక నా భయం పోయింది. ప్రతి పాఠానికీ ముందే ఒక కాగితం ఇచ్చేవారు. అందులో కొత్త మాటలు, వాటి పక్కన చిన్న బొమ్మలు, కింద 'దీనికి మొదటి కారణం', 'దీని ఫలితంగా' లాంటి వాక్యాల మొదళ్లు ఫ్రెంచ్‌లో ఉండేవి. మా అమ్మాయి ఆ కాగితాన్ని నోట్‌బుక్‌లో ఎడమ పేజీకి అంటించి, కుడి పేజీలో జవాబు రాసేది. దిద్దేటప్పుడు విషయం తప్పైతే ఒక రంగు, భాష తప్పైతే ఇంకో రంగు. మార్కులు విషయానికే. మొదట్లో రెండు ముక్కలు రాసి ఆగిపోయిన పిల్ల, ఏడాది చివరికి పేజీ నింపడం నా కళ్లారా చూశాను. ఇలాంటి టీచర్లకి ఎంత జీతం ఇచ్చినా తక్కువే.

ఇక చిన్నవాడి దగ్గర స్కూల్ మీద నాకు కోపం వచ్చింది. వాడు ప్రైమరీ మధ్యలో చేరాడు కాబట్టి ఫ్రెంచ్‌కి సపోర్ట్ క్లాస్ పెట్టారు, మంచిదే. అయితే దాన్ని సరిగ్గా 'యూరోపియన్ అవర్స్' టైమ్‌లో పెట్టారు. అన్ని సెక్షన్ల పిల్లలూ కలిసి నాటకాలు వేసి, బొమ్మలు చేసే పీరియడ్ అది. కొత్తగా వచ్చిన పిల్లాడికి స్నేహితులు దొరికేదే అక్కడ. వాడినే బయటికి పంపితే ఎలా? పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగా అడిగాం. తర్వాతి టర్మ్ నుంచి టైమ్ మార్చారు, కానీ అడగకపోతే మార్చేవారు కాదు.

ఇంకో లోటు మన భాష. ఇక్కడ మొదటి భాషగా చెప్పేవి యూరప్ భాషలే. అందుకని మా పిల్లల ఫారంలో మొదటి భాష ఇంగ్లిష్ అయింది. తెలుగు బాధ్యత పూర్తిగా మాదే. అంతకుముందు చదివిన ఒక స్కూల్లోనైతే ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని సలహా ఇచ్చారు. దయచేసి ఆ సలహా వినకండి. మా అమ్మాయి రేపటి సోషల్ పాఠాన్ని అమ్మమ్మకి ఫోన్‌లో తెలుగులో చెప్తుంది. ఆవిడ అడిగే 'ఎందుకు, ఏమిటి'లకు జవాబు చెప్పగలిగిన రోజు ఫ్రెంచ్‌లో రాయడమూ తేలికవుతుంది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా అనే వేరే కోర్సు ఉన్న స్కూళ్లలో అయితే, టీచర్ లేని భాషలో కూడా సాహిత్యాన్ని స్టాండర్డ్ లెవెల్లో (రెండు స్థాయిల్లో కిందిది) సొంతంగా చదువుకునే దారి ఉంది. తెలుగుకి వీలవుతుందేమో కోఆర్డినేటర్‌ని ముందే కనుక్కోవాలి.

చిన్న పిల్లలుండి, చాలాకాలం ఇక్కడే ఉండేవాళ్లకి ఈ పద్ధతి నిస్సందేహంగా మంచిది. రెండేళ్లలో ఇంకో దేశం వెళ్లిపోయేవాళ్లూ, రెండో భాష అసలు రాని పదమూడేళ్ల పిల్లలున్నవాళ్లూ మాత్రం బాగా ఆలోచించాలి. ఆఖరి రెండేళ్లూ కలిపి యూరోపియన్ బాకలారియేట్ అనే స్కూల్ ముగింపు సర్టిఫికెట్ కోర్సు, మధ్యలో మారడం కష్టం. చేర్చే ముందు సెకండరీ మూడో ఏడు సోషల్ క్లాసులో ఒక పీరియడ్ కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకుంటే మీ పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి.