పదేళ్లు, ఒకే కెనూ, ఎగువ డెలావేర్: ట్రౌట్, స్మాల్‌మౌత్ చేపల వేటకు ఎంతవరకు పనికొచ్చింది

ముందు మా కెనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) బరువు సంగతి చెప్పేస్తాను, మిగతావి తర్వాత. 39 కిలోలు. 2015 వసంతంలో కొన్నప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. బావమరిది ఒక కొసా నేనొక కొసా పట్టుకుని కారు మీదికి ఎక్కించేసరికి అదొక బరువనే అనిపించలేదు. ఇప్పుడు అలా లేదు. పొద్దుటి నుంచీ ఎండలో తెడ్డు వేసి, తడిసిన బూట్లతో నిటారు ఒడ్డెక్కి, దీన్ని పార్కింగ్ దాకా మోసుకెళ్లేసరికి పోయినేటి దాకా మధ్యలో మూడుసార్లు దించేవాళ్లం. మూడోసారి దించినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

అయినా అమ్మలేదు. కొత్తగా నదిలో చేపల వేట మొదలుపెట్టేవాళ్లు ఏది కొనాలని అడిగినప్పుడల్లా ముక్కలుముక్కలుగా చెబుతూ వచ్చాను, ఈసారి మొత్తం రాస్తున్నాను.

వస్తువు ఇది: మూడు పొరల పాలీఎథిలీన్ కెనూ, పొడవు పదహారడుగులకు కాస్త తక్కువ, రెండు సీట్లు, అడుగు దాదాపు చదును. తెడ్లతో కలిపి తొమ్మిది వందల డాలర్ల లోపే పడింది. కంపెనీ పేరు చెప్పను, ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి. నిజానికి నాకు కావలసింది రాయలెక్స్ అనే ప్లాస్టిక్ షీటుతో చేసిన పడవ. తేలిక, గట్టి. కానీ ఆ షీట్ల తయారీ అంతకు ముందే ఆగిపోయింది, మిగిలిన పడవలకు రేట్లు పెంచేశారు. దాంతో ఇది తీసుకున్నాను. ఏడాదికి పదిహేను ట్రిప్పులైనా వేశాం, ఎక్కువ భాగం అమెరికాలోని డెలావేర్ నది ఎగువ భాగంలో, హ్యాంకాక్, నారోస్‌బర్గ్ ఊళ్ల మధ్య.

ఈ నదికి కెనూ ఎందుకంటే, ఒడ్డులు రెండూ చాలావరకు ప్రైవేటు భూములు. 1978లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దీన్ని రక్షిత నదుల జాబితాలో చేర్చి నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో పెట్టింది గానీ, పక్కనున్న నేల మాత్రం ఎవరిది వారిదే. పబ్లిక్ రేవు దగ్గర కారు ఆపి ఒడ్డు వెంబడి నడుచుకుంటూ పోదామంటే కొద్ది దూరంలోనే బోర్డు కనిపిస్తుంది. నీళ్ల మీద పోయేవాణ్ని ఆపేవాడు లేడు. హ్యాంకాక్ దిగువన ఒక ఒడ్డు న్యూయార్క్, ఇంకొకటి పెన్సిల్వేనియా. ఈ రెండిట్లో ఏ ఒక్క రాష్ట్రం ఫిషింగ్ లైసెన్స్ ఉన్నా అక్కడ నదిలో పట్టుకోవచ్చు. న్యూజెర్సీ లైసెన్స్ ఇక్కడ చెల్లదు. మొదటి ఏడు మేం ఆ పొరపాటే చెయ్యబోయాం.

చేపల సంగతికొస్తే, హ్యాంకాక్ దగ్గర తూర్పు పాయ, పడమటి పాయ కలుస్తాయి. అక్కణ్నుంచి కింద అసలు నది మీద ఒక్క ఆనకట్టా లేదు. పాయల మీద మాత్రం న్యూయార్క్ నగరం తాగునీటి కోసం కట్టిన జలాశయాలున్నాయి: తూర్పున పెపాక్టన్, పడమట కానన్స్‌విల్. కానన్స్‌విల్ అడుగు నుంచి వదిలే నీళ్లలో జులైలో కాలు పెట్టినా ఎముక లాగేస్తుంది. ఆ చల్లదనం పుణ్యమా అని, చల్లనీళ్లు కావలసిన బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ ఇక్కడ ఏటా ఎవరూ తెచ్చి వదలకుండానే పుట్టి పెరుగుతున్నాయి. కిందికి పోయేకొద్దీ నీళ్లు వెచ్చబడతాయి. కలికూన్ అనే ఊరు దాటాక ట్రౌట్ పలచబడి స్మాల్‌మౌత్ బాస్ రాజ్యం మొదలవుతుంది. చూడబోతే మూడూ వలస వచ్చినవే. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీ నుంచి అమెరికాకొచ్చాయి, రెయిన్‌బో పసిఫిక్ వైపుది, స్మాల్‌మౌత్ గ్రేట్ లేక్స్, ఒహాయో నది ప్రాంతాలది. మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ లాంటిదే.

అయితే ఆ రెండు రాజ్యాల మధ్య సరిహద్దు రోజుకో చోట ఉంటుంది. 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు డిక్రీ ప్రకారం దిగువన న్యూజెర్సీలోని మాంటగ్యూ దగ్గర నదిలో సెకనుకు 1,750 ఘనపుటడుగుల నీళ్లు పారేలా జలాశయాల నుంచి వదలాలి. కాబట్టి వానల్లేక నది సన్నబడినప్పుడు పైనుంచి చల్లనీళ్లు జోరుగా వస్తాయి, ట్రౌట్‌కి పండగ. మధ్యలో ఓ మోస్తరు వాన పడిందా, ఆ అవసరం తగ్గి వదిలే నీళ్లూ తగ్గిస్తారు. ఆ పైన నాలుగు రోజులు ఎండ కాస్తే ట్రౌట్‌కి ఊపిరాడదు. ఇది అర్థం కావడానికి నాకు మూడు సీజన్లు పట్టింది. అప్పటిదాకా వాన పడితే చేపలకు మంచిదే కదా అనుకునేవాణ్ని.

అందుకే పడవలో నేను ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునేది గాలం కాదు, తాడుకు కట్టిన థర్మామీటర్. 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటిందంటే ట్రౌట్ జోలికి పోము. ఆ వేడిలో పట్టి వదిలిపెట్టినా అది తేరుకోవడం కష్టం. స్మాల్‌మౌత్‌కి ఆకలి జోరందుకునేది సుమారు అక్కణ్నుంచి. హ్యాంకాక్ దిగువన లార్డ్‌విల్‌లో దింపి కలికూన్‌లో తేలితే సుమారు 18 మైళ్లు. పొద్దున్నే పొగమంచులో పైన ట్రౌట్, మధ్యాహ్నం ఎండెక్కాక కింద స్మాల్‌మౌత్. ఒకే రోజులో ఈ రెండు నీళ్లనూ దాటించగలగడమే ఈ కెనూ నాకు చేసిపెట్టిన అసలు పని. ఈ ఒక్క పనికి పదికి పది వేస్తాను.

ట్రౌట్ పట్టడానికి మాత్రం దీనికి మూడే మార్కులు. ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన ఎర) నీటి వాలుకు దానంతటది కొట్టుకుపోతున్నట్టు కనిపించాలి. పడవ ఒక వేగంతో, దారం ఇంకో వేగంతో పోతుంటే ఆ నాటకం రెండు సెకన్లు కూడా నిలవదు. పైగా ట్రౌట్ ఎదురునీటికి మొహం పెట్టి నిలబడుతుంది, మీరు దాని కళ్ల ముందు నుంచే దిగివస్తారు. కాబట్టి దూరంగా గులకరాళ్ల మేట మీదికి లాగి, దిగి, కింది వైపు నుంచి చుట్టి వెళ్లాల్సిందే. లాగడం అన్నాను కదా, ఇక్కడే ప్లాస్టిక్ పడవ కొంప ముంచుతుంది. జూన్‌లో ఒక సాయంత్రం, సల్ఫర్ అనే పసుప్పచ్చ మేఫ్లైలు దీపాల చుట్టూ ఉసిళ్లలా నీళ్ల మీద ముసురుకున్నాయి. మేట కొసన, మోకాలి లోతు నీళ్లలో ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్ వాటిని ఏరుకు తింటోంది. ముక్కు కొస మాత్రం పైకొస్తుంది, చప్పుడు లేదు, రూపాయి బిళ్లంత వలయం లేచి చెదిరిపోతుంది. పావుగంట నడుం వంచుకుని దగ్గరకు చేరాను. సరిగ్గా దారం విసరబోతుంటే వెనక నుంచి కర్ర్‌ర్‌మని చప్పుడు. పడవ కొట్టుకుపోతుందేమోనని మా బావమరిది ఇంకో గజం ఒడ్డుకు లాగాడు. ఆ సాయంత్రం మళ్లీ వలయం లేవలేదు. "సారీ బావా" అన్నాడు, తిరిగెళ్లేటప్పుడు, గంటన్నర తర్వాత.

స్మాల్‌మౌత్ దగ్గరకొచ్చేసరికి ఇదే పడవ వేరే పడవ అయిపోతుంది. ఈ చేపకు పడవంటే అంత బెదురు లేదు. బండరాయి వెనక, నీళ్లు తిరగబడి నెమ్మదించే చోట కాచుక్కూర్చుంటుంది. వెనక సీటువాడు ఎదురు తెడ్డు వేస్తూ పడవను నీటి వడి కంటే కాస్త నిదానంగా నడిపిస్తే, ముందు సీటువాడికి ఒక్కో రాయీ తీరిగ్గా దొరుకుతుంది. చదును అడుగు కాబట్టి ముందువాడు మోకాళ్ల మీద లేచి విసిరినా ఊగదు. మేం వాడేది ఆరున్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్, ఎనిమిది పౌండ్ల బరువు ఆపే దారం, మూడంగుళాల ట్యూబ్ జిగ్ (గాలానికి బరువున్న మెత్తటి ప్లాస్టిక్ ఎర), గోధుమరంగుది. ఆ రంగెందుకో 2019 ఆగస్టులో కళ్లారా చూశాను. పదిహేడు అంగుళాల చేప, పట్టగానే గాల్లోకి లేచి తల విదిలించింది, పడవ ముక్కు దాని వైపు తిరిగిపోయింది. "పోతోంది బావా, పోతోంది!" అని వెనక నుంచి ఒకటే గోల. చేతికొచ్చాక గాలం తియ్యబోతే, గొంతులోంచి రెండు మీసాలు బయటికి వేలాడుతున్నాయి. క్రేఫిష్‌వి. పీత డెక్కలున్న మంచినీటి రొయ్య అనుకోండి. ముందు మింగినది ఇంకా పూర్తిగా దిగనేలేదు, మా ప్లాస్టిక్ దాని మీద పడింది. ఎర్రటి కళ్లతో నన్నే చూస్తోంది. వదిలేశాను. అప్పటి నుంచి ఎర పెట్టెలో సగం రంగులు తీసి పక్కన పడేశాను.

లంగరు గురించి ఒక హెచ్చరిక. రెండో సీజన్లో నాలుగు కిలోల లంగరు కొని, తాడును చేతికందేలా పడవ నడుముకు కట్టాను. మంచి వడిలో దించగానే తాడు బిగిసింది, పడవ అడ్డం తిరిగింది, ఎగువ వైపు అంచు వంగి నీళ్లు లోపలికి. లెక్కపెట్టే టైం కూడా లేదు. నడుం లోతే కాబట్టి బతికిపోయాం. ఎర పెట్టె, ఒక రాడ్, నా కారు తాళాలు నదికి సమర్పయామి. ప్రవాహంలో లంగరు వేస్తే పడవ కొస నుంచే వెయ్యాలి, పక్క నుంచి ఎన్నడూ వద్దు, తాడు కొయ్యడానికి కత్తి చేతికందేలా ఉండాలి. ఇప్పుడు లంగరే మానేశాం. పాత సైకిల్ ట్యూబులో అరగజం బరువైన గొలుసు దూర్చి వెనక కొస నుంచి వదులుతాం. అది అడుగున ఈడ్చుకుంటూ పడవను నిదానం చేస్తుంది, రాళ్ల మధ్య ఇరుక్కోదు, రబ్బరు ఉంది కాబట్టి చప్పుడూ తక్కువే. వసంతం చివర్లో మాత్రం దాన్నీ తీసెయ్యండి. మగ స్మాల్‌మౌత్ గులకరాళ్లలో గుంట చేసి గుడ్లకు కాపలా కాసేది అప్పుడే.

పదేళ్లలో అరుగుదల ఎలా ఉందంటే, అడుగంతా గీతలు, కొన్ని చోట్ల ప్లాస్టిక్ వెంట్రుకల్లా లేచింది, చిల్లు మాత్రం ఒక్కటీ పడలేదు. ఒకసారి రాయికి గుద్దుకుని అరచేతి మందాన లోపలికి సొట్టపోయింది. ఎండలో పెట్టాం, సాయంత్రానికి దానంతటదే సగం సర్దుకుంది. కానీ ఆ మెత్తదనమే రెండువైపులా పదునున్న కత్తి. ఒక వేసవి కారు మీద పట్టీలు బాగా బిగించి రెండు రోజులు ఎండలో వదిలేశాను. అడుగు లోపలికి వంగింది, ఇప్పటికీ వేగంగా పోతే ఆ చోట నీళ్లు టపటపా కొడతాయి. అంచుల మీద బోర్లించి, నీడలో పెట్టండి. సీటు బోల్టులు నాలుగో ఏటికే తుప్పు పట్టాయి, కంపెనీకి రాస్తే జవాబు రాలేదు. స్టెయిన్‌లెస్ స్టీలువి వేసుకున్నాను, పన్నెండు డాలర్లు. ప్లాస్టిక్ సీట్ల మీద రెండు గంటలు దాటితే నడుం పట్టేస్తుంది, మీద ఏదైనా మెత్తటిది పరుచుకోవాల్సిందే.

గాలి గురించి ఎవరూ చెప్పరు. లోయ వెంబడి మధ్యాహ్నం ఎదురుగాలి లేచిందంటే, ఖాళీగా ఎత్తుగా ఉన్న ఈ ముక్కు తెరచాపలా పనిచేస్తుంది. ఒక్కణ్నే వెళ్లినప్పుడు ముందు భాగంలో నీళ్ల డబ్బాలు పెట్టుకుంటాను. అయినా కలికూన్ ముందు పొడుగాటి మడుగుల్లో ముందుకు రెండు తెడ్లు, వెనక్కి ఒకటి అన్నట్టే సాగుతుంది.

కలికూన్ నుంచి ఇంకో ఎనిమిది మైళ్లు దిగితే స్కిన్నర్స్ ఫాల్స్. పేరుకు జలపాతమే గానీ రాతి పలకల మీద మెట్లుమెట్లుగా దూకే వడి. మేం చేపల సామాను ఉన్నప్పుడు ఎప్పుడూ దిగి, చూసి, ఖాళీ పడవను తాళ్లతో దింపుకుంటాం. సిగ్గేమీ లేదు. లైఫ్ జాకెట్ మాత్రం మొదటి రేవు నుంచే వేసుకోండి. బ్యారీవిల్ దగ్గర నీటిమట్టం కొలిచే గేజ్ 6 అడుగులు చేరితే నదిలో ఉన్న ప్రతివాడూ వేసుకుని తీరాలనేది ఇక్కడి నిబంధన. కానీ మే నెల నీళ్లలో పడితే నిబంధనతో పనేముంది, మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు.

ఇద్దరు కలిసి, రోజంతా నదిలో దిగుతూ, ప్రధానంగా స్మాల్‌మౌత్ కోసం వెళ్లేవాళ్లయితే ఇలాంటిది కళ్లు మూసుకుని కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. అడుగున గీతలు చూసి వెనక్కి తగ్గకండి, అడుగు వంగిందేమో మాత్రం బోర్లించి ఒక కొస నుంచి కన్ను పెట్టి చూడండి. ట్రౌటే లోకం అనుకునేవాళ్లకి ఇది దండగ, ఆ డబ్బు నీళ్లలో దిగి నడవడానికి వాడే మంచి వేడింగ్ బూట్ల మీద పెట్టడం మేలు. ఒంటరిగా వెళ్లేవాళ్లు దీని జోలికే రావద్దు. పోయినేడు చక్రాల బండి ఒకటి కొన్నాం, ఒడ్డు మీద ఇప్పుడు ఒక్కసారే దించుతున్నాం. బండి చక్రాలు మెత్తటి ఇసుకలో మాత్రం దిగబడిపోతున్నాయి, వెడల్పాటివి వెతుకుతున్నాను.