నీటి తాబేలు తొట్టి సామాన్లు: ఏళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. నీటి తాబేలు కోసం కొన్న వస్తువులన్నింటిలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే లైటు. దాని తర్వాతి స్థానం తొట్టి బయట డబ్బాలా ఉండి నీళ్లు వడకట్టే క్యానిస్టర్ ఫిల్టర్‌ది. డిప్పకు మెరుపు తెస్తామని అమ్మే సీసాలు, నీళ్లలో వేసే తెల్ల బిళ్లలు, ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న బుల్లి తొట్టి... ఇవేవీ చిల్లిగవ్వకు కొరగావు.

మాది ఎర్రచెవుల స్లైడర్ అనే జాతి తాబేలు, మగది. డిప్ప పొడవు ఆరంగుళాలు, ముందు కాళ్ల గోళ్లు పొడుగు. డల్లాస్‌కు మకాం మార్చిన స్నేహితులు మాకు అప్పగించి వెళ్లారు. మిసిసిపీ పరీవాహకం, తూర్పు టెక్సస్ ఈ జాతి సొంత ఊళ్లు. వాళ్లేమో దాని పుట్టింటి వైపు వెళ్లారు, ఇదేమో హైదరాబాదు బోరు నీళ్లలో కాపురం పెట్టింది.

వచ్చినప్పుడు డిప్ప మసకగా ఉండేది. డిప్పను కప్పి ఉండే పాత పలకలు ఊడకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. తొట్టితోపాటు వచ్చిన మెలికల బల్బును తీసేసి, టీ5 అనే సన్న రకం 24 వాట్ల పొడుగు యూవీబీ ట్యూబును, తాబేలు ఎండ కాచుకునే చోటికి అడుగు ఎత్తున బిగించాను. కొన్ని నెలలకు వెన్ను మధ్య పలక ఒకటి అంచు దగ్గర లేచింది. గోరుతో పీకాలని చెయ్యి దురద పెట్టినా ముట్టుకోలేదు. నాలుగు రోజులకు దానంతటదే ఊడి నీళ్లలో తేలింది. పలచగా, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వైపు కనిపించేంత పారదర్శకంగా ఉంది. దాని కిందినుంచి బయటపడ్డ కొత్త పలక మీద పసుపు, ఆకుపచ్చ గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు.

కారణం తెలిసిందే. సూర్యకాంతిలో సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే యూవీబీ కిరణాలు పడితేనే తాబేలు చర్మంలో డి3 విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. డిప్పలో పైన కనిపించేది మన గోళ్లలో ఉండే కెరాటిన్, దాని కింద ఉన్నదంతా ఎముకే. కాల్షియం అందకపోతే ఆ ఎముక మెత్తబడి, డిప్ప వంకర తిరుగుతుంది. కిటికీ పక్కన పెట్టాం, ఎండ బాగానే పడుతోందని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. గాజు ఈ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది కాబట్టి అక్కడ దొరికేది వేడి మాత్రమే. తొట్టి మీద గాజు మూత పెట్టి దానిపైన ట్యూబు పెట్టినా అంతే సంగతులు. బాల్కనీలో ఉదయపు ఎండ చూపించడం మంచిదే, కానీ సగం నీడ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. కాకులు, గద్దలు ఊరుకోవు.

ట్యూబు మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. వెలుతురు మామూలుగానే వస్తుంటుంది కానీ యూవీబీ మాత్రం మెల్లగా తగ్గిపోతుంది, కంటికి ఆ తేడా తెలియదు. అందుకే బిగించిన తేదీని ట్యూబు చివర మార్కరుతో రాసుకుని ఏడాదికొకసారి మారుస్తాను. తక్కువ ధరకు యూవీబీ పేరు పెట్టి అమ్మే ఊదారంగు బల్బులను నమ్మకండి, రంగు తప్ప వాటిలో ఏమీ ఉండదు.

ట్యూబు ఎంత మంచిదైనా తాబేలు పూర్తిగా ఆరే చోటు లేకపోతే ఉపయోగం లేదు. ఎక్కి కూర్చోవడానికి నీళ్ల మీద తేలే డాకులు పిల్ల తాబేళ్లకు సరిపోతాయి. మాదాని బరువుకు డాకు సగం మునిగి, పొట్ట డిప్ప ఎప్పుడూ తడిగానే ఉండేది. పీవీసీ పైపుల చట్రం మీద, ఫాల్స్ సీలింగులో లైట్ల కింద వాడే ప్లాస్టిక్ జాలీ పరిచి తొట్టి పైనే అరుగు కట్టించాను. యాభై వాట్ల హాలోజన్ బల్బు కింద అరుగు 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. రోజూ గంటలకొద్దీ నాలుగు కాళ్లూ బారజాపి పడుకుంటుంది. డిప్ప కుళ్లుకు కారణమయ్యే బ్యాక్టీరియా, బూజు తడిలో బతికినట్టు ఆరిన డిప్ప మీద బతకలేవు.

బోరు నీళ్లవాళ్లకు ఒక మాట. డిప్ప మీద తెల్ల మచ్చలు కనిపించగానే హడలిపోనక్కర్లేదు. తడిపితే కనిపించకుండా పోయి, ఆరితే మళ్లీ తేలుతూ, నొక్కితే గట్టిగా ఉంటే అది నీళ్లలోని సున్నం. మచ్చ మెత్తగా దిగబడినా, దుర్వాసన వచ్చినా, పొట్ట డిప్ప గులాబీ రంగుకు తిరిగినా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వినండి, కాఫీ ఇచ్చి పంపండి, నూనె మాత్రం రాయకండి.

ఇక నీళ్లు. డిప్ప పొడవులో అంగుళానికి సుమారు 40 లీటర్లు ఉండాలన్నది తాబేళ్లు పెంచేవాళ్ల పాత లెక్క. మా నాలుగడుగుల తొట్టి నిండా పోస్తే దానికి సరిగ్గా సరిపోతుంది. తాబేలు చేపకంటే ఎన్నో రెట్లు మురికి చేస్తుంది కాబట్టి తొట్టి పరిమాణానికి రెట్టింపు సామర్థ్యం రాసి ఉన్న ఫిల్టర్ తీసుకున్నాను. స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండుతాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉండి తగిలితే, తాబేలు మురికి నుంచి వచ్చే అమోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అమోనియా పరీక్షించే చుక్కల కిట్‌తో చూస్తే గొట్టంలోని నీళ్లు పసుపుగానే ఉండాలి, ఆకుపచ్చకు తిరిగితే అమోనియా ఉన్నట్టు. వారానికి పావువంతు నీళ్లు మారుస్తాను. ఆ మురికినీళ్లు వంటింటి సింకులో పోయకూడదు, తాబేళ్లలో మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సర్వసాధారణం. నాలుగు అంగుళాలలోపు డిప్ప ఉన్న పిల్ల తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లో ఆపించింది దాని వల్లే.

హీటర్ డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప పెద్దగా అక్కర్లేదు. గాజుది వద్దు, తాబేలు గుద్ది పగలగొడుతుంది. వేసవిలో అసలు తలనొప్పి దీనికి ఎదురు, నీళ్లు 31 డిగ్రీలు దాటిపోతాయి. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

తిండికి తాబేళ్ల మేత గుళికలు, తోటకూర, కాల్షియం కోసం పక్షుల సామాన్ల కొట్లో దొరికే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గట్టి భాగం) ముక్క. ఎండు రొయ్యలు ఎప్పుడైనా ఒకటీ అరా పర్వాలేదు కానీ వాటితోనే కడుపు నింపకూడదు.

కరెంటు ఖర్చు అడుగుతారని లెక్కగట్టాను. ట్యూబు, హాలోజన్ బల్బు పన్నెండు గంటలు, ఫిల్టర్ రోజంతా కలిపి సుమారు ఒకటిన్నర యూనిట్. టైమరు పెట్టుకుంటే మన మతిమరుపుతో పని ఉండదు.

కొట్లో మన చెరువు తాబేలు పిల్లలను చూపిస్తే కొనకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. స్లైడర్‌ను పెంచలేక చెరువులో వదలడం కూడా తప్పే. స్థానిక తాబేళ్ల తిండినీ చోటునూ లాక్కునే ఈ జాతి, ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జీవుల జాబితాలో ఉంది.

ఫిల్టర్ విషయంలో ఒక అసంతృప్తి మిగిలింది. మూత రబ్బరు రింగు ఎండిపోయి నీళ్లు కారితే, రింగు విడిగా ఇవ్వం, కొత్త మూత కొనండని అమ్మినవాళ్లు చెప్పారు. ప్లంబింగ్ సామాన్ల కొట్లో కొలత చూసి తెచ్చిన రింగుకు సిలికాన్ గ్రీజు పూసి పెట్టాను, ఇప్పటికీ చుక్క కారడం లేదు.