వెనిగర్ షర్బత్: ఏళ్ల తరబడి తాగాక చెబుతున్న మాట

విశాఖలో ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ బాధపెడుతుంది. చెమట పడుతుంది, పట్టిన చెమట ఆరదు. నీళ్లు తాగితే కడుపు నిండుతుంది గానీ నోటి ఎండు పోదు. అందుకే మా ఇంట్లో మజ్జిగ, నిమ్మరసం పక్కన కొన్నేళ్లుగా వెనిగర్ షర్బత్ కూడా చేరింది. దాహానికీ, దగ్గుకీ, షుగరుకీ, బరువుకీ అన్నిటికీ వాడి చూశాం. దాహం విషయంలో దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. మిగతావాటి సంగతి కింద చెబుతాను.

ఇది ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అనుకునేవాళ్లున్నారు. కాదు. రోమన్ సైనికులు వెనిగర్‌లో నీళ్లు కలిపి ‘పోస్కా’ అని తాగేవారు. ఇరాన్‌లో వెనిగర్, పంచదార లేదా తేనె పాకం కట్టి పుదీనా వేసి చేసే సికంజబీన్ ఇప్పటికీ వేసవి పానీయమే. దాన్ని చల్లటి నీళ్లలో కలిపి, పైన కీరా తురుము వేసి ఇస్తారు. యునానీ వైద్యంలోనూ దీనికి చోటుంది. అమెరికాలో గడ్డికోతలకి వెళ్లేవాళ్లు వెనిగర్, అల్లం, మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే చెరకు మడ్డి) కలిపిన నీళ్లు పొలానికి పట్టుకెళ్లేవారు.

నేను చేసేది వీటన్నిటి నుంచీ కొంచెం కొంచెం తీసుకున్నది. ఏప్రిల్, మే నెలల్లో అనకాపల్లి బెల్లం, అల్లం, పుదీనా. జూన్ దాటి సింహాచలం అనాస బజార్లోకి వచ్చిందంటే మాత్రం ఇక అదే. బాగా పండిన అనాసని చిన్న ముక్కలు కోసి, ముక్కలకి ముప్పావు వంతు తరిగిన బెల్లం కలిపి జాడీలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. తెల్లారేసరికి ముక్కలు రసంలో తేలుతుంటాయి. అడుగున కరగని బెల్లం గోధుమరంగు మడ్డిలా ఉంటుంది. ముక్కలు ఎన్ని ఉన్నాయో అంత వెనిగర్ పోసి, గరిటెతో అడుగు నుంచి కలిపి, దంచిన అల్లం వేసి, ఇంకో రెండు రోజులు అలాగే వదిలేస్తాను. తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టాలి. బెల్లంలో ఉండే నలకలన్నీ అక్కడే ఆగుతాయి. మొదటిరోజు వాసన చూస్తే ముక్కు మండుతుంది, ఇందులో ఏం రుచి ఉంటుందిలే అనిపిస్తుంది. వారం గడిస్తే ఆ ఘాటు మెత్తబడి అనాస వాసన పైకి తేలుతుంది. గ్లాసు నీళ్లకి రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు. కుండ నీళ్లయితే ఇంకా బాగుంటుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో మాత్రం చెయ్యకండి, పులుపుకి లోహం దిగుతుంది. ఊరగాయ జాడీ గానీ గాజు సీసా గానీ ఉత్తమం.

దీన్ని మొదటిసారి ఇచ్చినప్పుడు మా అత్తయ్యగారు రెండు గుక్కలు తాగి, “తరవాణి తేటలో బెల్లం కలిపినట్టుందే అమ్మా” అన్నారు. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. గంజీ, కడుగునీళ్లూ కుండలో పులియబెట్టి, పొద్దున్నే ఆ తరవాణిలో అన్నం వేసుకుని ఉల్లిపాయ నంజుకుని పొలానికి పోయిన తరం. ఆవిడ మాటలో నిజముంది. తరవాణి పులుపు ఎక్కువగా పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లానిది, వెనిగర్ పులుపు అసిటిక్ ఆమ్లానిది. చేసే బాక్టీరియా వేరు, నాలుక మీద చేసే పని మాత్రం ఒకటే. పులుపు తగలగానే నోట్లో ఊట ఊరుతుంది, ఎండిన నోరు తడుస్తుంది. జపాన్‌లోని కగోషిమా ప్రాంతంలో బియ్యంతో నల్లటి వెనిగర్‌ని ఆరుబయట కుండల్లో నెలల తరబడి మాగబెట్టి, నీళ్లు కలుపుకుని తాగుతారని చెబితే ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. అన్నం తినేవాళ్లందరూ చేసే పనేగా అన్నారు.

ఇక మందు సంగతి. మా ఆయనకి షుగర్ ఉంది. బెల్లం లేకుండా గ్లాసు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి భోజనంతో పాటు ఇచ్చి, తర్వాత మిషన్‌తో చూసేవాళ్లం. అన్నం తిన్నాక వచ్చే షుగర్ కొంచెం తగ్గినట్టు కనిపించేది. వెనిగర్ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, భోజనం తర్వాత పెరిగే షుగర్ కొద్దిగా తగ్గుతుంది అని పరిశోధనల్లో కూడా ఉంది. కానీ ఒక గరిటె అన్నం తగ్గించి కూర ఎక్కువ పెట్టిన రోజు వచ్చే తేడా ముందు ఇది చాలా చిన్నది. మాత్రలు మానేసి దీన్ని నమ్ముకుంటామనేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఇన్సులిన్, నీరు తీసే మాత్రలు, గుండెకి డిజాక్సిన్ వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా రోజూ తాగకూడదు. పొటాషియం పడిపోవచ్చు.

బరువు తగ్గుతారన్నది నేను నమ్మను. నాకు తగ్గలేదు. 2024లో లెబనాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపించి చాలామంది ప్రచారం చేశారు, లెక్కలు నమ్మదగ్గవిగా లేవని 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రచారం మాత్రం ఆగలేదు.

గొంతు నొప్పికి తేనె, వెనిగర్ కలిపి గోరువెచ్చటి నీళ్లలో తాగడం గ్రీకు వైద్యుల కాలం నుంచీ ఉన్న పద్ధతి. అరకు నుంచి వచ్చే తేనెతో చేస్తే గొంతుకి హాయిగా ఉంటుంది. ఆ హాయి చాలామటుకు తేనెదే అని నా అభిప్రాయం. ఎసిడిటీ ఉన్న మా చెల్లికి మాత్రం ఇది పడలేదు, గుండెల్లో మంట ఎక్కువైంది. వడదెబ్బ తగిలినవాళ్లకి ఇది ఇవ్వకండి. వాళ్లని వెంటనే నీడలోకి తీసుకెళ్లి, ఒళ్లు తడిపి చల్లబరచాలి. స్పృహలో ఉంటే ఓఆర్ఎస్ పట్టించి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పళ్ల గురించి గట్టిగా చెప్పాలి. నీళ్లు కలపకుండా చెంచాతో మింగేవాళ్లున్నారు. గొంతు కాలుతుంది, పళ్ల మీది ఎనామిల్ అరుగుతుంది. ఎప్పుడూ నీళ్లు కలిపే తాగాలి, రోజంతా చప్పరించకుండా ఒకేసారి తాగెయ్యాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. అరగంట దాకా బ్రష్ చెయ్యకూడదని మా డెంటిస్ట్ చెప్పారు. స్ట్రాతో తాగడం ఇంకా మంచిది.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. అసిటిక్ ఆమ్లాన్ని నీళ్లలో కలిపి చేసినదైతే ‘సింథటిక్’ అని సీసా మీద రాసి తీరాలి. నూడుల్స్‌కి అది చాలు గానీ షర్బత్‌కి పనికిరాదు, ఘాటు తప్ప రుచి ఉండదు. ‘బ్రూడ్’, అంటే పులియబెట్టి చేసినది, అని ఉన్నదే తీసుకోండి. యాపిల్ సైడర్ వెనిగర్ అడుగున తేలాడే మబ్బులాంటి ‘మదర్’ కోసం ఎక్కువ డబ్బు పెడుతున్నారు. అది వెనిగర్ చేసే బాక్టీరియా, అది అల్లుకున్న పొర, అంతే. అనాస, బెల్లం పడ్డాక ఏ సీసా వాడానో మా ఇంట్లో ఎవరూ పోల్చలేకపోయారు. అందుకే ఈసారి యాపిల్‌ది మానేసి, మామూలు బ్రూడ్ వెనిగర్ రెండు సీసాలు తెచ్చాను. మిగిలిన డబ్బుతో ఇంకో రెండు అనాసలొచ్చాయి.