అక్క గాలి పరుపు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

ఈ పరుపు మా ఇంటికి వచ్చాకే అమ్మ రాత్రిళ్లు నిద్రపోవడం నేను చూశాను. దీని ధర, కొలతలు విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పరిసరాల్లోని ఏ సర్జికల్ దుకాణంలో అడిగినా చెబుతారు కనుక వాటి జోలికి పోవడం లేదు.

మా అక్కకు పుట్టుకతోనే తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేని స్థితి. మాట లేదు, తనంతట తాను ఒత్తిగిలలేదు, ఎక్కడ నొప్పి పుడుతోందో చూపించలేదు. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలని డాక్టర్లు చెప్పిన నాటి నుంచి, నాన్న ఉన్నంతకాలం వాళ్లిద్దరూ వంతులు వేసుకుని, ఆయన పోయాక అమ్మ ఒక్కతే, రాత్రంతా లేస్తూ ఆ పని చేశారు. గాలి పరుపులో ఒక వరుస బుడగలు ఉబ్బుతుంటే పక్క వరుస దిగుతుంది, కొన్ని నిమిషాలకు వంతు మారుతుంది. ఒంటి బరువు ఎప్పుడూ ఒకేచోట పడదు కాబట్టి, అక్క తేలికైన మనిషి కూడా కాబట్టి, మా డాక్టరు రాత్రి వేళ పక్క మార్చే ఎడం పెంచవచ్చని ఒప్పుకున్నారు. అమ్మకు నడి రాత్రి కొన్ని గంటలు ఏకధాటిగా కన్ను మూసే వీలు అలా దొరికింది. పంపు చేసే ఆ సన్నని రొద మా అందరికీ ఇష్టమైపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజున ఆ రొద ఆగింది. కరెంటు పోగానే పంపు ఆగిపోయి, గాలి పంపు దారినే వెనక్కి పోసాగింది. పూర్తిగా దిగిపోతే అక్క తుంటి ఎముక నేరుగా మంచం చెక్కకు ఆనుతుంది. రెండు వరుసలకూ గాలి తీసుకెళ్లే రెండు గొట్టాలను పంపు నుంచి లాగి మడిచి కట్టేస్తే గాలి నిలుస్తుంది గానీ, ఒక వరుస నిండుగా, మరొకటి ఖాళీగా ఉన్న స్థితిలో కట్టేస్తే నిండిన బుడగలే గంటల తరబడి ఒకేచోట ఒత్తుతాయి. అందుకని ఆ రెండు గొట్టాల కొనలనూ చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కతో ఒకదానికొకటి కలిపేశాను. నిండిన వరుసలోని గాలి ఖాళీ వరుసలోకి సర్దుకుని, పరుపంతా ఒకే మెత్తదనానికి వచ్చింది. పరుపుతో వచ్చిన కాగితాల్లో లేని ఈ వీలు ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది.

అయితే మర్నాటికి సన్నని అతుకుల గుండా గాలి జారిపోయింది. ఊళ్లో చెట్లూ స్తంభాలూ నేలకూలి, మా కాలనీ రోజుల తరబడి చీకట్లోనే ఉండడంతో, పాత బూరుగుదూది పరుపు తీసి దాని మీద పడుకోబెట్టి, అమ్మా నేనూ నా భార్యా మళ్లీ వంతులు వేసుకున్నాం. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరొకటి. అమ్మ టార్చిలైటు వెలుగులో నడుము కింద, తుంటి మీద, చెవి వెనకా చూసి, ఎర్రబడిన చోట వేలితో నొక్కి, అది తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఊపిరి పీల్చుకునేది. తెల్లబడకపోతే పుండుకు అది మొదలని ఆమెకు తెలుసు. కరెంటు తిరిగి వచ్చేదాకా అక్క ఒంటి మీద అలాంటి మచ్చ ఒక్కటీ పడలేదు.

ఆ తర్వాత కొన్న ఇన్వర్టర్ మీద ఈ పంపు చాలాసేపు నడుస్తుంది, ఎందుకంటే అది లాగే కరెంటు చాలా తక్కువ. బుడగల పరుపు చిల్లులు పడి మాసికలు నిలవని స్థితికి వచ్చాక, అడ్డంగా గొట్టాలు అమర్చిన రకానికి మారాం; అందులో ఒక గొట్టం పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

నిద్ర గురించి పైన రాసింది నిజమే గానీ, అది వేసవికి అంతగా వర్తించదు. విశాఖ ఉక్కలో ప్లాస్టిక్ పరుపు మీద వీపు చెమటతో నానుతుంది, నానిన చర్మం త్వరగా చెదురుతుంది కనుక ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా అమ్మ మునుపటిలాగే పదే పదే లేస్తుంది. పాత నేత చీరను ఒక్క మడతలో వదులుగా పరుస్తాం; బొంత వేస్తే బుడగల కదలిక ఒంటికి అందదు. అక్క వెన్ను వంకర ఏటేటా పెరగడం వల్ల ఇప్పుడు కుడి తుంటి దగ్గర పరుపు చేసే మేలు తగ్గింది, అక్కడ దిండు సర్దక తప్పదు.

మా ఇంట్లో మనుషులున్నారు, ఇన్వర్టర్ ఉంది, అక్క బరువు తక్కువ. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మీ అనుభవం వేరుగా ఉండవచ్చు. అప్పటికే పుండు పడినవారికి ఏ రకం పరుపు నప్పుతుందో డాక్టరు చూసి చెప్పాలి. మా మటుకు మేము, ఇప్పుడున్నది పాడైతే ఆ రోజే ఇంకొకటి తెచ్చుకుంటాం.