మూడేళ్లు ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు వాడి మళ్లీ హాలోజన్‌కి వచ్చాను

కారు హెడ్‌లైట్లలో కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బులు తీసేసి, బయట కొన్న ఎల్‌ఈడీ బల్బులు వేసుకుని మూడేళ్ల పైనే తిరిగాను. ఈ మధ్యలో రెండు జతలు మార్చాను. ఇప్పుడు రెండూ పక్కన పడేసి పాత హాలోజన్‌కే వచ్చాను. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది.

నా కారుది మామూలు రిఫ్లెక్టర్ హెడ్‌లైటు (బల్బు వెనక మెరిసే గిన్నె వెలుగును రోడ్డు మీదికి పంపేది), హెచ్4 రకం బల్బు. లో బీమ్ (కిందికి దించిన వెలుగు), హై బీమ్ (దూరం కొట్టే వెలుగు) రెండూ ఆ ఒక్క బల్బులోనే. ఎల్‌ఈడీ వేసిన మొదటి రాత్రి పండు వెన్నెల్లో నడిపినట్టే అనిపించింది, అబద్ధమెందుకు. రోడ్డు మీద గులకరాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. వారం తిరిగేసరికి ఒక సంగతి గమనించాను. ఎదురొచ్చే బండ్లు వరసపెట్టి నాకు డిప్పర్ కొడుతున్నాయి, లైటు దించమని. నేను లో బీమ్‌లోనే ఉన్నాను. ఆ మాట వాళ్లకు తెలియాలని ఒక్క క్షణం హై బీమ్ వేసి చూపించేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

లోపం ఎక్కడుందో గోడ ముందు కారు ఆపి చూశాకే అర్థమైంది. హెచ్4 హాలోజన్‌లో లో బీమ్ ఫిలమెంటు (వెలిగే తీగ) కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. పైకి పోకూడని వెలుగును అది ఆపేస్తుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ సన్నటి ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసినవే. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంటు ఉండదు. ఒక పలకకు రెండు వైపులా చిప్‌లు అతికించి ఉంటాయి, వెలుగు రెండు పక్కలకే చిమ్ముతుంది. అందుకే హాలోజన్‌తో గోడ మీద గీత గీసినట్టు ఆగిన వెలుగు, ఎల్‌ఈడీతో ఆ గీత దాటి పైకి చెదిరిపోయింది. బల్బును తిప్పి చిప్‌లు సరిగ్గా ఎడమకీ కుడికీ ఉండేలా పెడితే కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇక చట్టం సంగతి. మొదటిసారి వాహన తనిఖీలో ఫెయిలయినప్పుడు నాకు ఒళ్లు మండింది. "కొత్త కార్లన్నీ ఎల్‌ఈడీతోనే వస్తున్నాయి కదండీ, నాకేంటి అడ్డం?" అని వాదించాను. తనిఖీ చేసినాయన టార్చి వేసి హెడ్‌లైటు అద్దం మీద అచ్చయిన బుల్లి అక్షరాలు చూపించారు. వలయంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన ఒక అంకె (ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల కింద అనుమతి వచ్చిందనే గుర్తు), పైన హెచ్‌సీఆర్. హెచ్ అంటే హాలోజన్, సీ అంటే లో బీమ్, ఆర్ అంటే హై బీమ్. "ఈ దీపానికి అనుమతి వచ్చిందే హాలోజన్ బల్బుతో. ఇంకోటి పెడితే ఆ అనుమతి చెల్లదండీ" అన్నారు. కొత్త కార్లలో దీపాన్నే ఎల్‌ఈడీ కోసం తయారుచేసి, దీపం, ఎల్‌ఈడీ ఆ జంటకు కలిపి పరీక్ష పెట్టి అనుమతి తీసుకుంటారు. చట్టం గొడవంతా ఈ జంట గురించే. నేను అన్నాళ్లూ ఎల్‌ఈడీ అంటేనే వాళ్లకు పడదనుకున్నాను.

నా ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద కూడా అలాంటి E గుర్తు ఉంది, అది చూసే ధైర్యంగా కొన్నాను. తర్వాత తెలిసింది, అది ఐక్యరాజ్యసమితి 10వ నిబంధన కింద ఇచ్చినదట. అంటే బల్బు నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగాలు మిగతా పరికరాలకు అడ్డుపడవని చెప్పేది మాత్రమే. వెలుగుకీ దానికీ సంబంధం లేదు. ఇంకో తమాషా: డబ్బా మీద జతకి 12,000 ల్యూమెన్లని (వెలుగు కొలత) రాశారు. అసలు హెచ్4 హాలోజన్ లో బీమ్ 1,000 ల్యూమెన్ల చుట్టుపక్కల ఉంటుంది. లో బీమ్ దీపం 2,000 ల్యూమెన్లు దాటితే ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన ప్రకారం అద్దం కడిగే ఏర్పాటు, వెలుగు ఎత్తును తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉండాలని చాలా ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. డబ్బా మీది అంకె నిజమైతే ఆ ఒక్కదానికే నేను దొరికిపోయేవాణ్ణి!

దేశానికో తీరు. బ్రిటన్‌లో 2021 జనవరి నుంచి, 1986 ఏప్రిల్ నుంచి రోడ్డెక్కిన కారు హాలోజన్ దీపంలో ఎల్‌ఈడీ కనిపిస్తే ఎంఓటీ (అక్కడ ఏటా జరిగే వాహన తనిఖీ) పరీక్షలో ఫెయిలే. అమెరికాలో వాహన దీపాలకు ఉన్న ఫెడరల్ ప్రమాణం 108 ప్రకారం హాలోజన్ బల్బు స్థానంలో పెట్టుకోవడానికి ఎల్‌ఈడీకి అనుమతి లేదు. చాలా డబ్బాల మీద 'ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే' (అంటే మామూలు రోడ్ల మీద వద్దని) అని కనిపించేది అందుకే. జర్మనీ మాత్రం 2020లో ఒక తలుపు తెరిచింది: ఓస్రామ్ కంపెనీ నైట్ బ్రేకర్ ఎల్‌ఈడీ బల్బుకి అక్కడి మోటారు వాహనాల సంస్థ అనుమతి ఇచ్చింది. అదీ జాబితాలో ఉన్న కారు మోడళ్లకే. ఒక్కో మోడల్ దీపంలో పెట్టి కొలిచి ఇచ్చిన అనుమతి కాబట్టి నాకు ఇదే తెలివైన పద్ధతిగా అనిపించింది. మీ కారు అలాంటి జాబితాలో ఉంటే ఈ సమీక్ష మీకు అక్కర్లేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. ఫెయిలయ్యాక హాలోజన్ పెట్టి పాసయ్యాను, ఇంటికొచ్చి మళ్లీ ఎల్‌ఈడీ పెట్టుకున్నాను.

వస్తువుగా కూడా గొప్పేం కాదు. బల్బు వెనక ఫ్యాను ఉండటంతో హెడ్‌లైటు రబ్బరు మూత సరిగ్గా పట్టలేదు, వానాకాలంలో అద్దం లోపల చెమ్మ చేరింది. లైట్లు వేస్తే ఎఫ్‌ఎం రేడియోలో గరగర (ఆ 10వ నిబంధన గుర్తు సంగతి నాకైతే డౌటే). పద్నాలుగు నెలలకు ఎడమ బల్బు మసకబారింది. వర్షంలో ఆ తెల్లటి వెలుగు తడి రోడ్డులో కలిసిపోయి లేన్ గీతలు కనిపించేవి కావు. దగ్గర రోడ్డు మరీ వెలిగిపోతుంటే కళ్లు దానికే అలవాటుపడి దూరం నల్లగా అయిపోయేది.

ఇవన్నీ భరించాను. ఒకరోజు రాత్రి మా తమ్ముడు నా కారు తీసుకెళ్లాడు. వాడు తిరిగొస్తుంటే నేను మా ఆవిడ స్కూటర్ మీద ఎదురు వెళ్లాను. ఎదురొచ్చేది నా కారే అని కూడా తెలియలేదు. కళ్లు మూసుకుని బ్రేకు వేశాను. రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి, కారు దాటిపోయాక గానీ నాకు కనపడలేదు.

మర్నాడే తీయించేశాను. తీశాక బయటపడిందేమిటంటే, మొదట్లో నాకు హాలోజన్ వెలుగు చాలలేదనిపించడానికి కారణం బల్బు కాదు. హెడ్‌లైటు అద్దం ఎండకి పచ్చబడిపోయింది. దాన్ని పాలిష్ చేయించి, కొత్త హాలోజన్ వేసి, వెలుగు ఎత్తు సరిచేయించాను. ఎల్‌ఈడీ అంత తెల్లగా లేదు, కానీ దూరం కనిపిస్తోంది. డిప్పర్లు ఆగిపోయాయి. కారు లోపలి రూఫ్ లైటులో ఎల్‌ఈడీ అలాగే ఉంచాను, దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

రెండో జత ఇంకా పనిచేస్తూనే ఉంది, సొరుగులో పడి ఉంది. మా బావ తన బండికి ఇమ్మని రెండుసార్లు అడిగారు. రోజూ రాత్రి నేను ఇంటికొచ్చే దారిలోనే ఆయన ఎదురొస్తారు. ఇవ్వలేదు.