సన్న పచ్చబొట్టుకు ఎవరు మేలు: బరంపురమా, భువనేశ్వరా, విశాఖా?

మణికట్టు మీద మా నాయనమ్మ పేరు వేయించుకోవాలి. ఒక్కటే మాట, 'లక్ష్మి'. నేను బరంపురంలో పుట్టి ఒడియా బడిలో చదివినా, ఆవిడ పేరు మాత్రం తెలుగులోనే ఉండాలనిపించింది. చిక్కంతా ఆ 'క్ష్మి' దగ్గరే. క కింద ష వత్తు, పక్కన మ వత్తు, పైన గుడి. ఏళ్లు గడిచేకొద్దీ సిరా చర్మంలో కొంచెం కొంచెం పరుచుకుంటుంది. నాయనమ్మ ముంజేతి మీది తేలు నేను చూసేసరికే పచ్చటి మరక. కొండి ఎటుందో ఆవిడే చూపించాలి.

ముందు మా బరంపురంలోనే పచ్చబొట్లు వేసే అతన్ని అడిగాను. నడిచి వెళ్లేంత దూరం, ధర తక్కువ, మానాక ఎక్కడైనా గీత వెలిసిపోతే మళ్లీ వెళ్లి దిద్దించుకోవచ్చు. సింహాలు, శివుడి మొహాలు బాగా వేస్తాడు, షేడింగుకు వంక పెట్టలేం. కానీ ఫోన్లో చూపించినవన్నీ వేసిన వెంటనే తీసిన ఫొటోలు. "ఏడాది కిందటిది చూపించు బాబూ" అంటే పక్కనున్న కుర్రాడి చెయ్యి చూపించాడు. 'అమ్మ' అని ఉంది. అ లోపలి ఖాళీ పూడిపోయింది, గీతల చుట్టూ నీలంగా నీడ. సూది ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి దిగితే సిరా లోపల ఇలాగే చెదురుతుంది. పెద్ద బొమ్మలో అయితే షేడింగు కింద కలిసిపోయేది.

భువనేశ్వర్ రైల్లో రెండున్నర గంటలు. అక్కడ పచ్చబొట్లు వేసే ఆమె చెయ్యి ఎంత తేలికంటే, రెండేళ్ల కిందట వేసిన ఆకుల్లో ఈనెలు ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి. అయితే తెలుగు రాదు. అక్కడికక్కడే గీసి చూపిస్తే మ వత్తు ఎక్కడో కామాలా పడింది. ఒడియా రాసే చెయ్యి కదా, మన గుడినీ గొడుగులా వంచేసింది!

విశాఖ నాలుగు గంటలు దాటే ప్రయాణం, ధర మా ఊరికి రెండింతలు. పేరు చూడగానే అక్కడ పచ్చబొట్లు వేసే అతను "అక్కా, ఈ సైజులో కుదరదు, వత్తులు రెండూ కలిసిపోతాయి" అన్నాడు. కాగితం మీద సన్న పెన్నుతో ఒకసారి, మొద్దు పెన్నుతో ఇంకోసారి రాసి "ఇది పదేళ్లకు అలా అవుతుంది" అని చూపించాడు. మొద్దు పెన్నుది అచ్చం నాయనమ్మ తేలులా ఉంది. మానిన ఫొటోలు భువనేశ్వర్ ఆమె దగ్గరున్నన్ని లేవు, ఉన్నవి బాగున్నాయి. కొత్త సూది నా ముందే విప్పి చూపించడంలో ముగ్గురూ ఒకటే.

పువ్వయితే మారు మాట లేకుండా భువనేశ్వరే వెళ్లేదాన్ని. పేరు కాబట్టి విశాఖ, నెల తర్వాత దిద్దుబాటుకు ఇంకో టికెట్ పడ్డా సరే. తోడు వేయించుకోరా అంటే తమ్ముడు ఒప్పుకోలేదు. వాడు రక్తదానం చేస్తుంటాడు, పచ్చబొట్టు పడితే ఏడాది ఆగాలి. సైజు అంగుళంన్నరకు పెంచాం. అందులో సగం చోటు 'క్ష్మి'యే తినేసింది.