బెజవాడ, గుంటూరు: అమ్మవారి దర్శనం అయ్యాక ఏం చూడాలి

విజయవాడ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది కొండెక్కి అమ్మవారిని చూసుకుని, బీసెంట్ రోడ్డులో నాలుగు బట్టలు కొనుక్కుని రైలెక్కేస్తారు. మేమూ ఇన్నాళ్ళూ అంతే. ఈసారి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో స్వాతంత్ర్యోద్యమం మీద ప్రాజెక్టు ఇచ్చారు. "నెట్‌లో చూసి రాసేస్తా" అని అది, "బెజవాడలో కళ్ళతో చూడొచ్చు కదే" అని మా నాన్న. ఆయన సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఇంక ఆగుతారా. సంక్రాంతి హడావిడి తగ్గాక విశాఖలో ముగ్గురం రత్నాచల్ ఎక్కాం.

ముందు బస సంగతి. స్టేషన్‌కి దగ్గరని గాంధీనగర్‌లో ఒక లాడ్జి తీసుకున్నాం. గది, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. కానీ ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని ఫోన్లో చెప్పినవాళ్ళు దిగాక మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలన్నారు. నాన్న గోడ మీద బోర్డు చూపించి గట్టిగా అడిగితే, "అది పాత బోర్డండీ, తీయలేదంతే" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. వేడినీళ్ళు పొద్దున రెండు గంటలే. ఇలాంటి చోట్ల డబ్బు కట్టే ముందే ఇవన్నీ అడిగేసుకోండి. మ్యూజియం, స్వరాజ్ మైదాన్ ముఖ్యమనుకుంటే గవర్నర్‌పేట వైపు దిగడమే నయం, ఆటో ఖర్చు మిగులుతుంది. టిఫిన్‌కి మాత్రం గాంధీనగర్‌లో లోటు లేదు. బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న కరిగిపోతుంటే కారప్పొడి అద్దుకుని తిన్నాం. ఆదివారం పొద్దున వెళితే నిలబడి తినడానికి సిద్ధపడే వెళ్ళాలి.

బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకి కనీసం సగం పూట కేటాయించండి. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1887లో దీనికి శంకుస్థాపన చేశారు. మొన్నమొన్నటి దాకా విక్టోరియా జూబిలీ మ్యూజియమనే పిలిచేవారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది అప్పుడే. పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిందీ అప్పుడే, అదీ ఈ భవనంలోనేనని చెబుతారు. రాణిగారి పేరుతో కట్టిన మేడలోనే ఆమె వంశాన్ని సాగనంపే జెండా పుట్టిందని నాన్నకి మహా సరదా. మొదట అందులో ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులని, తెలుపు గాంధీజీ చెప్పాక చేరిందని, రాట్నం స్థానంలో అశోకచక్రం 1947 జులై 22న రాజ్యాంగసభ ఖాయం చేసిందని మా అమ్మాయికి అక్కడే చెప్పారు. నాకు మాత్రం అల్లూరు బుద్ధుడి దగ్గరే కాలు కదల్లేదు. తెల్ల సున్నపురాయిలో నిలువెత్తు విగ్రహం, కట్టుకున్న వస్త్రం మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. జెండా కోసం వెళ్ళినా ఆయన్ని చూడకుండా రావద్దు.

స్వరాజ్ మైదాన్ కూడా బందరు రోడ్డులోనే. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. మధ్యాహ్నం ఎండలో వెళ్ళారో, ఆ రాతి నేల మీద అరికాళ్ళు కాలతాయి. సాయంత్రం దీపాలు వెలిగాక వెళ్ళండి. జెండా చూశాక రాజ్యాంగం రాసినాయన దగ్గరికి రావడం వరసగా బాగుందని నాన్న అన్నారు, నిజమే. నా బాధల్లా ఒకటే. జనవరి వస్తే పుస్తక మహోత్సవం ఈ మైదానంలోనే జరిగేది. ధూళిలో తిరిగి సంచులకి సంచులు పుస్తకాలు మోసుకెళ్ళిన చోట ఇప్పుడు సెల్ఫీలు.

గాంధీ కొండ గురించి రెండు ముక్కలు. ఒకప్పుడు ఇది ఓర్ దొర పేరుతో ఉన్న కొండ. పైన 52 అడుగుల స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. ఊరంతా, స్టేషన్‌లో రైళ్ళతో సహా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఎక్కించవద్దు.

చాలామంది వదిలేసే చోటు రామ్మోహన గ్రంథాలయం. 1911లో పెట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆయన మిత్రులు 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్ళందరినీ బెజవాడ రప్పించి సభ పెట్టారు. ఊరూరా పుస్తకం, పేపరు చేరితే తప్ప జనానికి స్వరాజ్యం సంగతి ఎక్కదని వాళ్ళ లెక్క. మేం వెళ్ళేసరికి బల్ల చుట్టూ నలుగురు పెద్దాయనలు ఒకే దినపత్రికని పేజీలుగా విడదీసి పంచుకుని చదువుతున్నారు. స్పోర్ట్స్ పేజీ కోసం ఒకాయన పక్కాయన మోచేతిని తడుతున్నాడు, ఆయన ఇవ్వడు. టికెట్టూ గైడూ లేని చోటు ఇది. ఈ ట్రిప్పులో మా అమ్మాయి తనంతట తానుగా ఫోన్ లోపల పెట్టింది ఇక్కడే.

గుంటూరుకి బస్సే సులువు. నెహ్రూ బస్టాండ్ నుంచి వరసగా ఉంటాయి, ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలుపెట్టారు కాబట్టి మేమిద్దరం ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకు ఉంది, అన్ని బస్సులకీ లేదు, ఎక్కే ముందే అడగండి. నాన్న మాత్రం డబ్బులిచ్చి, "పంద్రాగస్టు మీకొచ్చింది, నాకు రాలేదు" అని దారిపొడుగునా సణిగారు. అరవై దాటినవాళ్ళకి పాతిక శాతం తగ్గింపు ఉన్న మాట నేను దిగాకగానీ చెప్పలేదు.

గుంటూరులో లాడ్జీల కోసం అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లలో వెతకాలి. దొరలు పోయినా పేటలు వాళ్ళ పేర్లతోనే హాయిగా ఉన్నాయి, ఎవరికీ పట్టింపు లేదు. పట్టింపంతా జిన్నా టవర్ మీదే. 1940ల్లో కట్టిన ఈ స్తంభం ఉన్నది మహాత్మాగాంధీ రోడ్డులో! పేరు మార్చాలని గొడవ జరిగాక 2022 ఫిబ్రవరిలో మూడు రంగులు వేశారు. పేరు అలాగే ఉంది. బస్సు కండక్టర్ దగ్గర్నుంచి పూలమ్మే ఆమె దాకా "జిన్నా టవర్ సెంటరు" అంటూనే ఉన్నారు. ప్రత్యేకంగా చూడ్డానికి అయిదు నిమిషాలు చాలు, నాలుగు వైపులా ట్రాఫిక్, ఫోటో కోసం రోడ్డు మధ్యకి పోకండి. గుంటూరుకి హైకోర్టు ఉండేదని ఎంతమందికి తెలుసు? ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక 1954 నుంచి 1956 దాకా ఇక్కడే ఉంది, హైదరాబాద్‌కి పోయింది.

భోజనం ఒక మెస్‌లో. గోంగూర బ్రహ్మాండం. పప్పులో కూడా పచ్చిమిరపకాయలు గుప్పెడు వేశారు, మా అమ్మాయి పెరుగన్నంతో సరిపెట్టుకుంది.

అసలు గుంటూరు రావడం పెదనందిపాడు కోసం. కారు మాట్లాడుకున్నాం, బస్సులో అయితే ఓపిక కావాలి. నల్లరేగడి చేలు, రోడ్డు పక్కనే పట్టాల మీద ఎండుతున్న తొలికోత మిరపకాయలు, కిటికీ దించితే ఘాటు. 1921 చివర్లో ఈ ఫిర్కా (కొన్ని ఊళ్ళు కలిపిన రెవెన్యూ విభాగం) రైతులు సర్కారుకి శిస్తు కట్టేది లేదన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరిగారు ముందు నిలిచారు, గ్రామాధికారులు రాజీనామాలిచ్చారు, జప్తుకొచ్చినవాళ్ళకి ఎవరూ సాయం చేయలేదు. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరి 12న కాంగ్రెస్ ఉద్యమం ఆపేసింది. పల్నాడులో అడవి పుల్లరి, అంటే పశువుల్ని అడవిలో మేపినందుకు పన్ను, కట్టనన్న కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చింది అది జరిగిన పది రోజులకి. ఆయన ఊరు మించాలపాడు మాచర్ల వైపు, దూరం, ఈసారికి కుదరలేదు. నిజం చెప్పాలంటే పెదనందిపాడులో పర్యాటకులకి చూపించేందుకు పెద్దగా ఏమీ లేదు. మామూలు ఊరు, డిగ్రీ కాలేజీ ఉంది, కాలేజీ బ్యాగులతో ఆడపిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. టీకొట్టు దగ్గర నాన్న శిస్తు నిరాకరణ సంగతి ఎత్తితే, ఒక రైతు "ఇప్పుడు శిస్తు ఎవరడుగుతున్నారు సార్, మిర్చికి రేటు చెప్పండి" అన్నాడు. నాన్న దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణంలో సీతానగరం వైపు దిగి ప్రకాశం బ్యారేజీని నడిచి దాటాం. నన్నడిగితే మొత్తం యాత్రలో మొదటి మార్కు దీనికే. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు ఊడ్చేసింది, జనాభాలో మూడో వంతు దాకా పోయారని అంచనా. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, 1852లో, ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఆనకట్ట మొదలుపెట్టారు. అది 1952లో తెగింది. కొత్త బ్యారేజీ 1954లో మొదలుపెట్టి 1957కి పూర్తిచేశారు. 1223 మీటర్ల పొడవు, 70 గేట్లు, పన్నెండు లక్షల ఎకరాలకు పైగా నీళ్ళు. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం అదే ఏడాది పోయారు, పేరు ఆయనది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు దీని మీదుగా పోయాయి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి, అయినా నిలిచింది. అదే వారం బుడమేరు పొంగి సింగ్‌నగర్ మేడల్లో జనం నీళ్ళ మధ్య చిక్కుకున్నారు. పెద్ద నదికి తట్టుకున్న ఊరు వాగు దగ్గర మునిగింది.

అవతల ఒడ్డున ఆటో మాట్లాడుకుని, మళ్ళీ బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా అమరావతి రాజధాని రోడ్డులో కొంత దూరం వెళ్ళొచ్చాం. 2015 అక్టోబరులో శంకుస్థాపన చేసి, మధ్యలో ఆగి, 2025 మేలో మళ్ళీ మొదలుపెట్టిన పనులు. క్రేన్లు, కాంక్రీటు లారీలు, చీకటి పడ్డా ఆగలేదు.

"ఆనకట్ట మూడేళ్ళు, బ్యారేజీ మూడేళ్ళు. దీనికి ఇన్నేళ్ళేంటయ్యా?" అన్నారు నాన్న.

"అప్పుడు కోర్టు కేసులు లేవు కదండీ మాస్టారూ" అన్నాడు ఆటో అబ్బాయి. వాళ్ళ నాన్నగారు ఎకరం పొలం రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారట, ప్లాటు వచ్చిందట, ఇంకా ఇల్లు కట్టలేదట. ఆటోకి రానూపోనూ ఎనిమిది వందలు తీసుకున్నాడు. బేరమాడితే ఏడొందలకి వస్తారు.